చాదర్ పట్టినోళ్లు

మా గల్లీల ఆడోళ్లకు చెప్పులు అరుగుడంటే ఏందో ఎరుకలేకుండె. పెండ్లికి కొన్న జోడు బిడ్డ పెండ్లి దాంక కొత్తగనే ఉంటుండె. తొక్కి అరగదీద్దామంటే వాకిలి అవతలి భూమి వాళ్లది కాదాయె. నాంపల్లి స్టేషన్ ఎనక మా గల్లీ. అందరు దఫ్తర్లల్ల గుమాస్తాలు, పంతుళ్లు, చిన్న దుకాండ్లోళ్లు. ఉన్నోళ్లను చూసి మావోళ్లు గూడ ఘోషా పట్టుకున్నరు. జీతం పెరగకపోయినా పరదాలు పెరుగుతుండె.

అట్లని ఆడోళ్లు ముచ్చట్లు లేకుంట ఉంటరా? ఇంటికీ ఇంటికీ నడుమ గోడలకు చిన్న తలుపులుండె. కిడికీలంటుంటిమి. తల వంచి దూరితే పక్కింటి వంటింట్ల తేలుతవు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాంక సడక్ మొఖం చూడకుంట పోయి, తొక్కు అరువు తెచ్చుకొని, ఎవరి అత్త ఎవరిని ఏమన్నదో తెలుసుకొని రావచ్చు.

అసువంటి గల్లీల, జర్మనోళ్లతోటి జపానోళ్లతోటి లడాయి నడుస్తున్న రోజులల్ల, ఒక్క వానకాలంల మా అమ్మ చెప్పులు అరిగినయి. ఆ ముచ్చట ఇది.

నాకు పన్నెండు దాటినయి. ఆబిడ్స్ అవతల సర్కారు ఆడపిల్లల బడిల చదువుతున్న. ఆ ఏడే మిడిల్ పరీక్ష. కిటికీలకు పరదాలు కట్టిన బడి బస్సు వచ్చి గల్లీ మూల మీద ఆగేది, లోపలికి దూరకపోయేది. బస్సు ఆయమ్మ పోశవ్వ దిగి, ఆమె మరదలు సమ్మక్కతోటి ఇంటింటికి చాదర్ తెచ్చేది. వాకిట్ల నుంచి బస్సు మెట్టు దాంక ఇద్దరు అటొకరు ఇటొకరు చాదర్ ఎత్తిపడితే, మేం దాని చాటున ఉరికి బస్సెక్కేటోళ్లం. 

ఆషాఢంల ఒక పొద్దున పోశవ్వ వచ్చింది గానీ బస్సు రాలె.

"పెట్రోలంత లడాయికే పోతుందట. బస్సును షెడ్డుల పెట్టి తాళమేసిన్రు," అన్నది వాకిట్ల కూలబడి. "నాకు గూడ ఇంక పనిలేదు పో అన్నరు."

నాయిన షేర్వానీ గుండీలు పెట్టుకుంట విన్నడు. మా నాయిన వామన్‌రావు లక్డీకాపూల్ దిక్కు దఫ్తర్ల గుమాస్తా. చెడ్డోడు కాడు. కాకపోతే పది మంది నడిచిన తొవ్వ తప్ప ఇంకో తొవ్వ ఉంటదని ఆయనకు తోచదు.

"బస్సు లేకపోతే బడి లేదు. ఇంట్ల కూసుండి చదువుకో. ఫికరేముంది?" అన్నడు.

ఫికరు నాకుండె. హాజరీ తక్కువైతే పరీక్షకు పేరు పంపరు. పేరు పోకపోతే ఆ ఏడు పోతది. ఏడు పోతే చదువే పోతది. ఒకసారి ఇంట్ల కూసున్న పిల్ల మళ్ల బడి మెట్లెక్కిన ముచ్చట మా గల్లీల ఎవ్వరం వినలె. రోజూ జట్కా కట్టే తాకతు ఏ ఇంటికీ లేదు. అప్పటికే పక్కింటి కమలకు వాళ్లమ్మ పొయ్యి కాడి పని చెప్పుడు మొదలువెట్టింది. నేను ఒకటే పాఠం మళ్ల మళ్ల చదువుకుంట, అర్థంగాక ఏడ్చుకుంట కూసున్న.

*

ఒకనాడు పగటీలి మా ఎనక వాకిట్ల కిడికీల నుంచి వచ్చిన ఆడోళ్లంత చేటలు ముంగటేసుకొని బియ్యం ఏరుతుంటె, పోశవ్వ వచ్చి నడుముల మీద చేతులు పెట్టుకొని నిలబడ్డది.

"పోరగాండ్లను గిట్ల రాళ్లేరనీకె ఉంచుకుంటరా అమ్మా?"

"ఏం చెయ్యమంటవు మరి? నెత్తి మీద మోసుకపోతవా?" అన్నది వసుమతత్త. కమల తల్లి ఆమె. పక్కింటి శ్యామ్‌సుందర్ మామ భార్య. ఆమె మాట కారంపొడి.

"మొయ్య. నడిపిస్త. వాకిట్ల నుంచి బస్సు దాంక చాదర్ పట్టలేదా నేను? గదే చాదర్ బడి దాంక పడ్త. చాదర్‌కు చాదర్ కుడ్దాం. నాలుగు మూలల నలుగురు పడితే నడుమల పిల్లలు. పెట్రోలు లేదు, మన్ను లేదు. నడిచే బస్సు!"

అందరు పక్కున నవ్విన్రు.

"నలుగురెవరు?" అన్నది అమ్మ. అమ్మ నవ్వలె.

"నేను, మా సమ్మక్క. ఇంకిద్దరు గావాలె."

"కూలికి పెట్టుకోరాదు?" అన్నది వసుమతత్త.

"కూలికొచ్చినామె రేపు ఇంకో కూలి దొరికితే చాదర్ ఇడ్సి పోతది. పిల్లలెవరోళ్లమ్మా? మీయోళ్లే గద!"

అందరి తలలు చేటలల్లకు వంగినయి. బియ్యంల అన్ని రాళ్లు ఆ దినమే దొరికినట్టు ఏరుతనే ఉన్నరు. 

"ఒక కొస నాకియ్యి, పోశవ్వా," అన్నది అమ్మ.

వసుమతత్త చేతుల చేట జారింది. "అనసూయా, మతిగిన పోయిందా నీకు? పిల్లలు చాదర్ లోపలుంటరు. పట్టేటోళ్లు బయటుంటరే!"

"తెలుసు వదినె."

"తెలిసే అంటున్నవా?"

"నాకు అక్షరం ముక్క రాదు. మా నాయిన ఇంట్ల పంతులును పెట్టిండు, మళ్ల పంతులు మగోడని ఆయనే మాన్పించిండు. నా చదువు పరదా ఎనక పడిపోయి ఇయ్యాల్టి దాంక దొరకలె. నళినిది గట్ల పోనియ్య. పోనియ్యనంటె పోనియ్య." అమ్మ చేట పక్కకు పెట్టింది. "కొంగు కండ్ల దాంక గుంజుకుంట. ఈ పట్నంల నా మొఖం ఎవరన్న చూసిన్రా? కనబడితే మాత్రం నన్ను గుర్తుపట్టేటోడు ఎవడున్నడు?"

వసుమతత్త ఇంకో పిడికెడు బియ్యం ఏరింది. కమల దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. "నాలుగో కొస నాది. ఆయనకు తెలిసిందంటె నా ఖర్మ," అన్నది.

మగోళ్లకు ఏం చెప్పిన్రంటె, పోశవ్వ పిల్లలను చాదర్‌ల కప్పి బడికి నడిపిస్తదని చెప్పిన్రు. పరదా ఉన్నంక ఇంకేంది, మంచిదే అన్నరు. మిగిలిన కొసలు పట్టేదెవరని ఒక్కడు అడగలె. అడగని మాటకు జవాబు చెప్పే అలవాటు మా గల్లీ ఆడోళ్లకు లేదు.

*

చాదర్ కదిలిన మొదటి దినం తలుచుకుంటె ఇప్పటికీ నవ్వొస్తది.

లోపల ఏడుగురం పిల్లలం. పైన మొగులు, కింద మా కాళ్లు, చుట్టూ తెల్లగుడ్డ. ముంగట అమ్మ, పోశవ్వ. ఎనక వసుమతత్త, సమ్మక్క. గల్లీ దాటినమో లేదో చాదర్ ఒక్కసారి బిర్రుగ గుంజుకపోయి, మేం ఒకరి మీద ఒకరం పడ్డం. ఏమైందంటె, పోశవ్వ ఆబిడ్స్ దిక్కు తిరిగితే అమ్మ స్టేషన్ దిక్కు తిరిగింది! పెండ్లై వచ్చిన సంది నాంపల్లిల కాపురం చేసిన మా అమ్మకు ఆబిడ్స్ ఏ దిక్కో తెల్వది. పోయినపుడల్ల పరదా కట్టిన బండిల పోయె, వచ్చె. తొవ్వ ఎట్ల తెలుస్తది పాపం?

"గిటు అమ్మా, గిటు! గటు పోతె రైలెక్కుతం," అన్నది పోశవ్వ.

స్టేషన్ రోడ్డు మీద ఇంకో తమాషా. అమ్మ నడుస్తనే ఉండి గప్పున ఆగేది. ఆమె ఆగితే చాదర్ ఆగె. చాదర్ ఆగితే మా ముక్కులు ముందున్నోళ్ల జడలకు తగిలె.

"గదేందే పోశవ్వా, అద్దాల దుకాణంల నిలబడ్డది? బొమ్మనా? బొమ్మకు గౌను తొడిగిన్రా? అయ్యో, మన పిల్లలకు సరైన లంగాలు లేకపాయె!"

"అమ్మా, నడువు. బడి గంట కొడ్తరు."

"నడుస్తున్న తియ్యి. బజారు ఇంత పెద్దగుంటదని నాకెవరన్న చెప్పిన్రా?"

లోపల మేం నోట్ల చేతులు పెట్టుకొని నవ్వుతున్నం. వసుమతత్త మాత్రం "రామ రామ" అనుకుంటనే నడిచింది. కొత్త చెప్పులు కరిచి ఆమె మడిమల తోలు పోయింది.

ఆబిడ్స్ చౌరస్తల జట్కాలోళ్లు గుంపుగుంటరు. ఖాసిం అనేటాయన గుర్రానికి గడ్డి ఏసుకుంట, "క్యా అమ్మా, సర్కస్ వచ్చిందా?" అన్నడు.

"ఔ, సర్కసే," అన్నది పోశవ్వ. "లోపల పులులున్నయి. నీ గుర్రాన్ని జర పక్కకు తియ్యి, బెదురుతది."

చుట్టున్నోళ్లు ఘొల్లుమన్నరు. ఖాసిం గూడ నవ్వి గుర్రాన్ని పక్కకు తీసిండు. రెండు మూడు దినాలకు ఆయనే మేం రాంగనే కొరడ ఎత్తి, "హటో, హటో! చాదర్‌వాలీ అమ్మా ఆ రహీ హై!" అని తొవ్వ చేసేటోడు. పాన్ డబ్బా ముసలాయన అమ్మకు సలాం చేసేటోడు. పోస్టాఫీసు జమేదారు గొడుగు అడ్డం పెట్టి మోటర్లను ఆపేటోడు. అమ్మ కొంగు మొదట్ల కండ్ల దాంక ఉండె. తర్వాత నొసటి దాంక వచ్చింది. తొవ్వ కనబడాలె గద!

*

మమ్ముల దింపి వాపస్ పోయి మళ్ల సాయంత్రం రావాలంటె వాళ్ల కాళ్లతోని కాలె. మా పెద్ద పంతులమ్మ, పెద్ద ఉస్తానీ, మంచిది. ఎనక వరండల కూసోమన్నది. అయితే మా అమ్మోళ్లను ఉత్తగ కూసోమంటె కూసుంటరా? చూడనీకె కండ్లున్నయాయె.

పగటీలి కొందరు పిల్లలు నల్లా కాడ కడుపు నిండ నీళ్లు తాగి, తిన్నట్టే మూతి తుడుచుకొని వస్తుండె. ఒక పోరి జరంతోని డెస్కు మీద పడి పంటుండె. అమ్మ చూసింది. మరునాడు వరండల పొయ్యి అంటింది. పోశవ్వ జొన్నరొట్టెలు కొట్టేది. అమ్మ పప్పు వండేది. పిండి ఎవరికి తోచినంత వాళ్లు తెచ్చిన్రు. బడి ఎనక ఉండే బేగంల ఇండ్లల్ల నుంచి గూడ అన్నం డేగ్చీలు వచ్చినయి. సమ్మక్క పేలు చూసి జడలేసేది. జరమొచ్చిన పిల్లను పోశవ్వ బుజాన ఏసుకొని దవాఖానకు తీసుకపోయేది. పోశవ్వ చేతి రొట్టె వసుమతత్త మొదట్ల ముట్టలె. జోరు వాన పడ్డనాడు ఆకలికి ఆగక తిన్నది. "ఎవ్వరికన్న చెప్పితే నాలుక కోస్త," అన్నది నాతోని. ఆమె పోయి చాన్నాళ్లాయె, అందుకే చెప్తున్న.

చదువు గూడ అక్కడ్నే దారికొచ్చింది. బడిల అంత ఉర్దూనే. తెలుగిండ్ల పిల్లలం పాఠాలు బట్టీ పడుడే గానీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థంగాలేదంటె సిగ్గు. అమ్మకు సిగ్గు లేదు. వరండల నుంచి లోపలికి తల పెట్టి, "ఉస్తానమ్మా, గదానికి అర్థమేంది?" అని అడిగేది. చిన్న ఉస్తానీ మొదట్ల కోపం చేసింది. తర్వాత రోజూ పగటి గంటల వరండకే వచ్చి కూసుండి, అమ్మకు సమజయ్యేదాంక చెప్పుడు మొదలువెట్టింది. అమ్మకు సమజయ్యేవరకు మాకందరికీ సమజయ్యేది.

గౌలిగూడ దిక్కు నుంచి ఇంకో చాదర్ మొదలయ్యిందని విన్నం. ఇగ దాస్తే దాగుతదా?

*

ఒక సాయంత్రం శ్యామ్‌సుందర్ మామ మా ఇంటికి వచ్చి కుర్చీల కూసోకుండనే అన్నడు: "వామన్‌రావ్, మీ ఇంటామెను ఆబిడ్స్ చౌరస్తల చూసిన్రట. మా ఇంటామెను గూడ."

ఆయన పోయినంక నాయిన అమ్మ ముంగట నిలబడ్డడు. "పిల్లను దాసమంటె నువ్వు బయటపడ్డవా?"

"పిల్ల ఎవ్వరికీ కనబడలె. మీరడిగిన ఘోషా ఘోషానే ఉన్నది," అన్నది అమ్మ, అన్నం వడ్డించుకుంట.

"చాదర్ పట్టినోళ్లను ఎవరు దాస్తరు?"

"మీరొచ్చి పట్టుండ్రి. నేను లోపలుంట."

నాయిన కంచం ముంగట నుంచి లేచిండు. "రేపటి సంది గడప దాటొద్దు. దాని చదువూ చాలు, నీ తిరుగుడూ చాలు."

అమ్మ ఆయన ఇడిసిన కంచం మీద మూత పెట్టింది.

మరునాడు మగోళ్లంత మాట్లాడుకున్నట్టుంది. దఫ్తర్లకు పోయేటపుడు ఇంటింటికీ బయట గొళ్లెం పెట్టి పోయిన్రు. గల్లీ అంత టకటకమని గొళ్లాలు పడ్డ సప్పుడు నాకింకా చెవుల్ల ఉన్నది. నేను సంచి ఒళ్లె పెట్టుకొని ఏడుస్తున్న. అమ్మ వంటింట్ల పొయ్యి ఆర్పి, చెప్పులు చేతుల పట్టుకొని వచ్చింది.

"లే. ఏడుపు తర్వాత ఏడుద్దువు. తల వంచు."

కిడికీల దూరినం! మా ఇంట్ల నుంచి కమల వాళ్లింట్లకు. వసుమతత్త అప్పటికే కమల జడేసి తయారుగున్నది. ఆ ఇంట్ల నుంచి ఇంకో ఇంట్లకు. పొయ్యిలు దాటుకుంట, ఉయ్యాలలు దాటుకుంట, ఒక ఇంట్ల పూజల ఉన్న ముసలామెకు దండం పెట్టుకుంట. ఇంటింటికీ ఒక పిల్ల, ఒక తల్లి కలుస్తనే ఉన్నరు. గల్లీ చివర ప్రభావతి పెద్దమ్మ ఇల్లు. ఆమెకు మొగుడు పోయిండు, పిల్లలు లేరు. గొళ్లెం పెట్టనీకె ఆ ఇంటికి మగోడు లేడు. పెద్దమ్మ తన తలుపు రెండు రెక్కలు బార్ల తెరిచి నిలబడ్డది.

"ముండమోపి ఇల్లని పొద్దుగాల నా మొఖం చూడకపోతురి," అన్నది నవ్వుకుంట. "ఇయ్యాల గల్లీ మొత్తం నా గడప మీద్నుంచే పోవాలె. నడువుండ్రి!"

బయట పోశవ్వ, సమ్మక్క చాదర్‌తోని సిద్ధంగున్నరు. పెద్దమ్మ గూడ చెప్పులేసుకున్నది.

*

ఆ సాయంత్రమే అయ్యింది అసలు సంగతి.

బడి ఇడిసినంక ముసురు పట్టింది. తడిసిన చాదర్ బరువెక్కి మా నెత్తులకు అంటుకుంటున్నది. ఆబిడ్స్ చౌరస్త కాడికి రాంగనే చాదర్ ఆగింది. అమ్మ దేన్నన్న చూస్తుందేమో అనుకున్న. కాదు. శ్యామ్‌సుందర్ మామ గొంతు వినబడ్డది.

"ఇంటికి గొళ్లెం పెట్టొస్తె ఎట్ల వచ్చిన్రు మీరు? ఆఁ? గల్లీ ఇజ్జత్ అంత సడక్ మీద ఆరేస్తరా? బంద్ చెయ్యిండ్రి ఈ తమాషా!"

"అన్నయ్యా, పిల్లలు తడుస్తున్నరు. ఇంటికి పోయినంక మాట్లాడుదాం," అన్నది అమ్మ.

"ఇంటికా? ఇంకా ఇల్లు యాదికున్నదా?" అన్నడాయన. వసుమతత్త చేతులున్న కొసను పట్టుకొని ఒక్క గుంజు గుంజిండు.

వసుమతత్త చేతి నుంచి అది జారిందో, ఆమే ఇడిసిందో, నేనెన్నడు అడగలె. కుట్లు పటపటమన్నయి. చాదర్ మొత్తం మా చుట్టు నుంచి ఊడి పోయి శ్యామ్‌సుందర్ మామ చేతులల్లకు వచ్చింది.

ఏడుగురం ఆబిడ్స్ నడిబజార్ల నిలబడి ఉన్నం. ముంగట్నే కమల, సొంత బిడ్డ, తండ్రి మొఖం చూసుకుంట నిలబడ్డది. హోటల్ల చాయ్ తాగేటోళ్లు గిలాసలు దించిన్రు. జట్కాలు ఆగినయి. పోస్టాఫీసు మెట్ల మీద గొడుగు పట్టుకొని మా నాయిన ఉన్నడు, మామ ఎంబడే వచ్చినట్టున్నడు. శ్యామ్‌సుందర్ మామకు అప్పుడు తెలిసింది ఏం చేసిండో. తడి చాదర్ తీసుకొని కమల మీద కప్పబోతె నేను కనబడితి, నా మీద కప్పబోతె కమల కనబడె. ఆ ఒక్క గడియ నాకు ఆయన మీద జాలేసింది.

మేం అమ్మ దిక్కు చూసినం. ఏడువాలెనా, మొఖాలు కప్పుకోవాలెనా, ఏమీ సమజైతలేదు. అమ్మ కొంగు వెనక్కి జారి ఉన్నది. సర్దుకోలె.

"చాదర్ బరువున్నది అన్నయ్యా, మీరే జర ఇంటి దాంక పట్టుకరాండ్రి," అన్నది. మా దిక్కు తిరిగి, "నడువుండ్రి, యాళ్లయితుంది."

నడిచినం. నాకు మొట్టమొదటిసారి అద్దాల దుకాణంల గౌను తొడిగిన బొమ్మ కనబడ్డది. అమ్మ చెప్పినంత మంచిగేం లేదది. ఎనక ఎక్కడ్నో శ్యామ్‌సుందర్ మామ చంకల చాదర్ పెట్టుకొని వస్తున్నడు. ఖాసిం ఎప్పటిలెక్కనే "హటో, హటో" అన్నడు.

మరునాడు నాయిన దఫ్తర్‌కు పోయేటపుడు గొళ్లెం పెట్టలె. అంతే. కుట్లూడిన ఆ చాదర్‌ను పోశవ్వ బడి వరండల పిల్లలు అన్నం తిననీకె పరిచింది. ఆనాటి సంది మేం చాదర్ లేకుంటనే బడికి నడిచినం.

*

దసర ముంగట పరీక్షకు పేర్లు పంపే దినం వచ్చింది. హాజరీ మాకందరికీ నిండింది. మేం సంబురంగ పోతె, పెద్ద ఉస్తానీ మొఖం వాడి ఉన్నది.

"ఘోషా పిల్లలకు శినాఖ్తు గావాలెనంట," అన్నది. అంటె ఫలానా పిల్ల ఫలానా ఆయన బిడ్డెనే అని ఎరిగినోళ్లు వచ్చి చెప్పాలె. ఘోషా పిల్లల మొఖాలు ఎవ్వరు చూడరు గద, ఒకరి పేరు మీద ఇంకొకరు పరీక్ష రాస్తరని సర్కారుకు అనుమానం. తండ్రులకు ముందే కబురు పంపిన్రట. శ్యామ్‌సుందర్ మామ గల్లీ మగోళ్లతోని ఒట్టు పెట్టించిండు: "సడక్ మీద తిప్పినోళ్లే శినాఖ్తు గూడ చేసుకోనీ. మనం ఒక్కరం పోవద్దు." నాయినకు పొద్దున అమ్మ అన్నం పెట్టుకుంట, "పేర్లు ఇయ్యాల్టి దాంకనేనట," అని మాత్రం అన్నది. ఆయన చేతులు కడుక్కొని పోయిండు.

బడి గేటు పక్క అర్రల బడులను చూసే తాలీమాత్ దఫ్తర్ నుంచి వచ్చిన సాబు కూసున్నడు. ఆయనకూ మాకూ నడుమ వెదురు పుల్లలతోటి అల్లిన పరదా వేలాడదీసిన్రు, చిక్కు అంటరు దాన్ని. ఆయన ఎనక కిటికీ సడక్ మీదికి ఉన్నది, పిలిస్తె చౌరస్తల జట్కాలోళ్లకు వినబడేంత దగ్గర.

"తండ్రులేరి?" అన్నడు ఉర్దూల.

"నేనున్న సాబ్," అన్నది అమ్మ. ఉర్దూలనే అన్నది. వరండ ఉర్దూ. "నళిని తల్లిని. ఈ పిల్లలందరిని పుట్టిన సంది ఎరుగుదును."

"మీరు గూడ ఘోషానే అని రాసి ఉన్నది. మిమ్ములెవరు ఎరుగుదురు? మీ శినాఖ్తు ఎవరు చెయ్యాలె?" ఆయన కోపంగ అనలె. కాగితాలు సర్దుకుంట అన్నడు. అది ఇంకా భయమైంది నాకు. "తండ్రులు రాకపోతే పేర్లు పోవు. నేనేం చెయ్యలేను."

కమల నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఇన్ని దినాల నడక, ఇంత తిట్టుడు, ఇంత వాన, అంత ఈ చిక్కు కాడ ఆగిపోతదా?

అమ్మ చిక్కు ఎత్తి లోపలికి పోయింది. సాబు బెదిరి లేచి నిలబడ్డడు. అమ్మ ఆయనను దాటి పోయి కిటికీల నుంచి సడక్ మీదికి పిలిచింది, "ఖాసిం భాయ్! ఓ ఖాసిం భాయ్! జర ఇటు రాండ్రి!"

ఖాసిం కొరడ చేతుల్నే పట్టుకొని ఉరికొచ్చిండు. "క్యా హువా అమ్మా?"

"ఈమె ఎవరో తెలుసా?" అన్నడు సాబు.

"తెల్వకపోవుడేంది సాబ్? చాదర్‌వాలీ అమ్మ! వానైనా ఎండైనా రోజూ నా గుర్రం ముంగట్నే పోతది. గా ఎర్ర రిబ్బన్ పిల్ల ఈమె బిడ్డ. గా బక్కపిల్ల శ్యామ్‌సుందర్ సాబ్ బిడ్డ. చాదర్ ఆయనే గుంజిండు గద, ఆబిడ్స్ అంత చూసినం!"

ఆయన ఎనక పాన్ డబ్బా ముసలాయన వచ్చిండు. పోస్టాఫీసు జమేదారు వచ్చిండు. బేగం ఇంటి నౌకరు వచ్చిండు. ఒకరు మా పేరు చెప్తె ఇంకొకరు మా ఇల్లు చెప్తున్నరు, ఇంకొకరు మా నడక చూపిస్తున్నరు. కిటికీ అంత తలకాయలే. సాబు ఆ తలకాయలను చూసిండు, అమ్మను చూసిండు, మీసం చాటున నవ్వి కలం తీసిండు. పిల్ల తర్వాత పిల్లను పిలిచిండు. అమ్మ పేరు చెప్తుంటె కిటికీ మొత్తం "ఔ ఔ" అన్నది. నా పేరు రాసిండు. శినాఖ్తు చేసినోళ్ల జాగల అమ్మ పేరు రాసిండు.

అప్పుడే గేటు కాడ నాయిన కనబడ్డడు. టోపీ వంకరపోయింది, షేర్వానీ చెమటకు తడిసింది. లక్డీకాపూల్ నుంచి ఉరికొచ్చినట్టున్నడు. గేటు దాటి రొప్పుకుంట అర్రలకు వచ్చి నిలబడ్డడు.

"నేను, నేను నళిని తండ్రిని. వామన్‌రావు. శినాఖ్తుకు వచ్చిన."

సాబు అలవాటు చొప్పున అడిగిండు, "మిమ్ములెవరు ఎరుగుదురు?"

నాయిన కిటికీ దిక్కు చూసిండు. ఖాసిం తల గోక్కొని, "ఈ సాబును మేం ఎరగం," అన్నడు. ముసలాయన గూడ తల అడ్డం ఊపిండు. నాయిన అప్పుడు అమ్మ దిక్కు తిరిగిండు. ఆ మొఖం నేనెన్నడు చూడలె. అడిగేటోని మొఖం అది.

అమ్మ తొందరపడలె. చెమట పట్టిన టోపీ నుంచి బురద పడ్డ బూట్ల దాంక ఆయనను నిమ్మళంగ చూసింది.

"నేనెరుగుదును సాబ్. మావారే," అన్నది.

"పక్కానా అమ్మా?"

"పక్కా. చాన్నాళ్ల సంది చూస్తున్న. ఇయ్యాల్నే తొవ్వకొచ్చిన్రు."

సాబు కలం మళ్ల సిరాల ముంచి, అమ్మ పేరు కింద నాయిన పేరు రాసుకున్నడు.